పిడికెడు బియ్యం జాడీ

ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, తినడం అయ్యాక ప్లేటు తిరగేసి అడుగున ముద్ర చూసే పాడు అలవాటు ఒకటి నాకుంది. ఒకసారి మా వియ్యాలవారింట్లో కప్పులో కాఫీ ఉండగానే సాసరు ఎత్తి అడుగు చూశాను. కాఫీ అంతా వాళ్ళ సోఫా తాగింది. మా ఆవిడ కారెక్కేదాకా ఒక్క మాట అనలేదు. కారెక్కాక మా భవానీపురం వచ్చేదాకా ఆపలేదు.

బెజవాడలో ఒక కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. పాత జాడీలు, పింగాణీ పళ్ళాలు, కూజాలు పోగేయడం నా పిచ్చి. మా అపార్టుమెంటులో రెండో బెడ్రూము వాటిదే. అమ్మాయి సెలవులకు వస్తే హాల్లో పరుపు వేసుకుని పడుకుంటుంది, ఎందుకంటే మంచం మీద జాడీలుంటాయి. చుట్టాలకు ఇది వింతగా ఉంటుంది కానీ మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

ఈ పిచ్చి వన్‌టౌన్‌లో ఒక ఆదివారం పొద్దున మొదలైంది. పేవ్‌మెంటు మీద గోనెపట్టా పరిచి పాత సామాన్లు అమ్మేవాడి దగ్గర గోధుమరంగు జాడీ ఒకటి కనపడింది. మా లాబ్‌లో యాసిడ్లు పోసి ఉంచే జాడీలాంటిదే. ఇంటికి తెచ్చి కడిగితే లోపల ఒక్క గీత లేదు. మట్టిని కాల్చి, దాని మీద గాజు కరిగించి, ఏళ్ళ తరబడి యాసిడ్ పోసినా చెక్కుచెదరకుండా నిలబెట్టిన ఆ పనివాడెవడో నాకు తెలీదు. నేను చెప్పిన పాఠాల్లో ఒక్కటైనా ఏ పిల్లాడి బుర్రలోనైనా అంతకాలం నిలిచిందా అని ఆ రోజు బాగా కుళ్ళుకున్నాను. మళ్ళీ ఆదివారం ఇంకోటి కొన్నాను.

వేటకు కొన్ని పద్ధతులున్నాయి. నచ్చిన వస్తువు వంక ముందు చూడకూడదు. పక్కనున్న తుప్పు పట్టిన ఇస్త్రీపెట్టె తీసి, అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచి, వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ "ఇదేంటయ్యా?" అని ఏదో పనికిమాలిన దాన్ని అడిగినట్టు అడగాలి. వాడు మనకంటే ముదురు. కొత్త జాడీలను టీ డికాక్షన్‌లో నానబెట్టి పేడలో పాతిపెట్టి తీస్తారు. లోపల పాత ఆవకాయ నూనె పూసి, "వాసన చూడండి సార్, మీ అమ్మమ్మగారి కాలం నాటిది" అంటారు. వాసన నిజంగానే అమ్మమ్మది, జాడీ మాత్రం పోయిన నెలది. అలాంటివి నాలుగైదు నేనూ కొన్నాను. వాటిలో ఒకదాన్ని మా ఆవిడ గొడుగులు పెట్టుకోడానికి గుమ్మం దగ్గర ఉంచింది, పోతూ వస్తూ నాకు కనపడాలని.

హనుమాన్ జంక్షన్ వ్యాపారి నాకు అలా ఒక నకిలీ దగ్గరే పరిచయమయ్యాడు. హైవే పక్కన రేకుల షెడ్డులో, పడగొట్టిన ఇళ్ళ తలుపులు, స్తంభాలు, ఉయ్యాలబల్లలు, ఇత్తడి గంగాళాలు, జాడీలు పెట్టుకుని అమ్ముతాడు. నలభై ఏళ్ళుంటాయి. నేను ఒక జాడీ ఎత్తి బేరం మొదలుపెట్టగానే, "అది తీసుకోకండి మాస్టారూ, కొత్తది. మీలాంటోళ్ళకి అమ్మితే పాపం తగుల్తది" అన్నాడు. అమ్మేవాడే వద్దనడం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. ఆ ఒక్క మాటతో నన్ను కొనేశాడు.

తొమ్మిదేళ్ళు స్నేహం చేశాం. నాకు తెలిసినదంతా అతనికి నేర్పాను. వేలి కణుపుతో కొట్టి మోత వినడం, అడుగున పూత లేని చోట తడి వేలు పెట్టి ఎంత తొందరగా పీలుస్తుందో చూడటం, పూత మీద సాలెగూడులాంటి పగుళ్ళు వయసువల్ల వచ్చినవా, కావాలని తెప్పించినవా చెప్పడం. అతను చురుకైనవాడు. నా గుండెకు స్టెంట్ వేసినప్పుడు వారం రోజులు జంక్షన్ నుంచి బస్సెక్కి ఆసుపత్రికి వచ్చి, మా ఆవిడకు ఇడ్లీలు తెచ్చిపెట్టి వెళ్ళాడు. మా తమ్ముడు రాలేదు, ఇతను వచ్చాడు. అందుకే అతని గురించి ఎవరేమన్నా నా చెవికెక్కేది కాదు.

నావల్ల అతనికి ఒక లాభముంది. పల్లెల్లో అతను ఒక్కడూ వెళ్తే పాత సామాన్లవాడని గుమ్మంలోంచే పంపించేస్తారు. నేను పక్కనుంటే, నా తెల్లచొక్కా, కళ్ళజోడు చూసి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, అటక మీద సామానంతా దింపి చూపించేవాళ్ళు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, గుడివాడ చుట్టుపక్కల ఊళ్ళన్నీ అతని ట్రాలీ ఆటోలో అలా తిరిగాం. కొన్నిచోట్ల ఇచ్చేవాళ్ళు, కొన్నిచోట్ల మేం ఇవ్వం అనేవాళ్ళు. ఇవ్వం అన్నవాళ్ళను నేను రెండోసారి అడిగేవాణ్ణి కాదు. కానీ కొన్నాళ్ళకు అలాంటి జాడీయే ఒకటి మా ఇంటికి తెచ్చి, "గురువుగారికి నా తరఫున" అని ఇచ్చేవాడు. ఎంత బతిమాలినా డబ్బు ముట్టేవాడు కాదు. ఎక్కడిదని అడిగితే, "దొరికిందండి" అనేవాడు. నేను సంబరపడి అల్మరాలో చోటు చూసుకునేవాణ్ణి.

మా లాబ్‌లో ఇరవై రెండేళ్ళు అటెండరుగా పనిచేసినాయన పోయిన ఏడాదికి, వాళ్ళ ఊళ్ళో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. జంక్షన్ దాటాక గుడివాడ దారిలో కాలవ పక్క ఊరు. ఇంటి ముందు షామియానా వేసి, పాటలు పాడి, పాస్టరుగారు వాక్యం చెప్పారు. నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆయన ఒక్కసారి కూడా నా ముందు కుర్చీలో కూర్చోలేదని, నేనూ ఒక్కసారి కూడా కూర్చోమనలేదని అప్పుడే తట్టింది. అది మాత్రం మైకులో చెప్పలేదు. మంచి మనిషి, టైముకొచ్చేవాడు అని చెప్పి దిగాను.

భోజనాలయ్యాక చెయ్యి కడుక్కోవడానికి పెరటి వైపు వెళ్తుంటే వంటింట్లో ఆ జాడీ కనపడింది. మోకాలెత్తు ఉంటుంది. తేనెరంగు ఒళ్ళు, భుజం చుట్టూ చేత్తో గీసిన నీలం తీగ. ఏ దేశపు ఓడలో బందరు రేవులో దిగిందో. చెయ్యి కడుక్కోవడం మానేసి గుమ్మంలోనే నిలబడ్డాను. ఆయన భార్య చూసి నవ్వింది.

"మా అత్తగారిదండి మాస్టారూ. వాళ్ళత్తగారికి మిషను బంగళా దొరసానిగారు ఈ దేశం నుంచి ఎళ్ళిపోతా ఇచ్చారంట."

"ఇందులో ఏం పోస్తారమ్మా?"

"దేవుడి బియ్యవండి. ఎసరు పెట్టి బియ్యం కొలిచాక, కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి ఇందులో ఏస్తాం. ఆదివారం చర్చికి తీసుకెళ్ళి ఇచ్చేస్తాం. మా అత్తగారు, ఆవిడత్తగారు, అందరూ ఇందులోనేనండి."

"ఇంట్లో బియ్యం సరిపడా లేని రోజు కూడానా?"

"లేని రోజునే ముందు ఏసేదండి మా అత్త. మర్చిపోతామేమోనని."

వంగి జాడీ మూతి మీద వేళ్ళు పెట్టాను. చుట్టూ పూత నున్నగా మెరుస్తోంది. ఒక్క పక్క మాత్రం, కుడిచెయ్యి దిగేచోట, బెత్తెడు మేర మెరుపు పోయి గరుకు తేలింది. మూడు తరాల ఆడవాళ్ళ గాజులు రోజుకు రెండు పూటలా అక్కడే ఒరుసుకున్నాయి. నేను చూసిన జాడీల్లో అంత మంచిది ఇంకోటి లేదు, ఆ అరుగుదల వల్లే లేదు. అమ్ముతారా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మింగగలిగినందుకు నన్ను నేనే మెచ్చుకుంటూ కారెక్కాను.

ఆ గొప్పతనం జంక్షన్ దాకా కూడా నిలవలేదు. వ్యాపారి షెడ్డు దగ్గర కారాపి, టీ తాగుతూ అంతా చెప్పాను. నీలం తీగ, దొరసాని, గాజుల అరుగుదల, చర్చి పక్క సందులో రెండో ఇల్లు. చూసిన వస్తువు గురించి సాటి పిచ్చివాడికి చెప్పకపోతే చూసినట్టే ఉండదు. "అలాంటిది ఒక్కటి ఇంట్లో ఉంటే ఇంక ఈ వేట మానేస్తానయ్యా" అని కూడా అన్నాను.

"అడక్కపోయారా మాస్టారూ?"

"అడగను. నువ్వూ అడక్కు. అది దేవుడికిచ్చేది."

"ఛ ఛ, మీరు చెప్పాక కూడానాండీ" అని రెండు చెవులూ పట్టుకున్నాడు.

మళ్ళీ ఏడాది కూడికకు నేను వెళ్ళేసరికి షామియానా కింద పాటలు మొదలయ్యాయి. అందరూ మర్యాదగానే ఉన్నారు, కానీ ఏదో తేడా. నిరుడు నా చుట్టూ మూగిన ఆయన బంధువులు ఈసారి దూరంగా నిలబడి వందనాలు చెప్పారు. నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. ఎండకు అందరూ నీరసపడ్డారేమో అనుకున్నాను. భోజనం దగ్గర ఆయన భార్య స్వయంగా వడ్డించింది. పప్పు వేసింది, కూర వేసింది, పెరుగు పోసింది. అక్కడే నిలబడింది. ఇంకేం కావాలమ్మా అన్నట్టు చూశాను.

"ఏవీ అనుకోరు కదా మాస్టారండీ. ఆ జాడీ ఫొటో పని అయిపోయిందాండీ?"

"ఏ జాడీ?"

ఆవిడ పెరుగు గిన్నె కింద పెట్టి చెప్పింది.

పది నెలల కిందట, అంటే నేను టీ తాగుతూ కథ చెప్పిన రెండు నెలలకు, ట్రాలీ ఆటోలో ఒకాయన వచ్చాడట. మాస్టారు పంపారన్నాడు. పాత జాడీల గురించి మాస్టారు పుస్తకం రాస్తున్నారని, ఫొటో తీయించి వారంలో పంపిస్తారని చెప్పాడు. మీ ఆయన మాస్టారి దగ్గర ఎన్నేళ్ళు చేశాడో, ఎంత నమ్మకంగా ఉండేవాడో కూడా చెప్పాడు. అదంతా నేను అతనికి చెప్పిందే. ఆవిడ బియ్యం చేటలోకి ఒంపి, జాడీ కడిగి, తుడిచి, పాత దుప్పటి చుట్టి ఆటోలో పెట్టించింది.

"పది నెలలై తేకపోతే నాకు ఫోను చెయ్యాలి కదమ్మా!" నా గొంతు పెరిగింది. చుట్టుపక్కల తినేవాళ్ళు తలెత్తారు.

"మీకెలా చేస్తావండీ. అడిగితే అపనమ్మకం అనుకుంటారని. పెద్దోళ్ళు, పనుల్లో ఉంటారు, పంపినప్పుడు పంపిస్తార్లే అనుకున్నాం."

మొహమాటం. నా పేరు చెప్పారని ఇవ్వనంటే బాగుండదు, ఇచ్చాక అడిగితే బాగుండదు. ఇంకో ఏడాదైనా అలాగే ఊరుకునేది, కూడిక రోజు రాకపోతే. ఈ పది నెలలూ ఊరంతా నా గురించి ఏమనుకుని ఉంటుందో, నాకు దూరంగా నిలబడి వందనాలు ఎందుకు చెప్పారో, అప్పుడు అర్థమైంది. నేను పంపలేదని చెప్పాను. అందరికీ వినపడేలా చెప్పాను. ఎవరూ కాదనలేదు, ఔననలేదు. అప్పటికి ఆవిడ నన్ను నమ్మిందో లేదో నాకు తెలీదు. ఆ జాడీ తెచ్చి ఆ వంటింట్లో పెడితే తప్ప ఆ ఊళ్ళో నాకు మొహం లేదని మాత్రం తెలిసింది.

చెయ్యి కడుక్కుని నేరుగా జంక్షన్‌కు వెళ్ళాను. అతను నన్ను చూడగానే లేచి, స్టూలు తుడిచి, టీ తెప్పించబోయాడు. టీ వద్దన్నాను. జాడీ ఏదన్నాను. అబద్ధమాడతాడని, నాకేం తెలుసంటాడని దారంతా అనుకుంటూ వచ్చాను. అతను అబద్ధమాడలేదు.

"మీ కోసవే తెచ్చానండి మాస్టారూ. అలాంటిది ఒక్కటుంటే ఏట మానేస్తానన్నారు కదా. మీ పుట్టినరోజుకి ఇద్దావని లోపల దాచాను. ఈలోగా హోటలు కడతన్న పార్టీ ఒకడొచ్చి చూశాడు. కాళ్ళా వేళ్ళా పడ్డాడండి. ఇచ్చేశాను."

"నేను అడక్కు అన్నాను కదయ్యా!"

"అడగలేదండి. మీరు పంపారన్నాను." ఈ రెంటికీ తేడా ఉందని అతను నిజంగానే నమ్ముతున్నట్టుంది. "మీరడిగితే ఆవిడ ఇచ్చేది కాదా అండీ? ఇచ్చేది. మీకు మొహమాటం. మీ బదులు నేనెళ్ళాను."

"నా పేరు వాడుకోడానికి నీకెవడిచ్చాడు హక్కు?"

అప్పుడతనికి కోపమొచ్చింది. తొమ్మిదేళ్ళలో అతని కోపం చూడటం అదే మొదటిసారి.

"ఇప్పుడు గుర్తొచ్చిందా అండీ హక్కు? ఉయ్యూరు కాడ ఇంట్లో ఇవ్వవన్న ఎర్ర కూజా మీ అల్మరాలోకి ఎలా వచ్చిందనుకున్నారు? పామర్రులో ఆ ముసలావిడ పళ్ళాలు? 'మాస్టారు మళ్ళీ పంపారండి' అంటేనే ఇచ్చారు. ఎక్కడిదని అడుగుతారు, దొరికిందంటే ఊరుకుంటారు. తమరికి నిజంగా తెలీదా అండీ?"

నాకు తల కొట్టేసినట్టైంది. తెలీదు అన్నాను. తెలీదన్నది నిజమే. తెలుసుకోబుద్ధి కాలేదన్నది కూడా నిజమే, అది అతనికి చెప్పలేదు. నన్ను ముంచింది అతను, తిట్టాల్సింది నేను. అక్కడేమో నేను తలొంచుకుని నిలబడ్డాను, అతను గొంతు పెంచి మాట్లాడాడు. చివరికి ఆ హోటలు ఎక్కడో చెప్పాడు. ఇబ్రహీంపట్నం అవతల హైవే మీద, కొత్తది. నేను కారెక్కుతుంటే వెనకే వచ్చి, "టాబ్లెట్లు ఏసుకుంటన్నారా మాస్టారూ" అని అడిగాడు. అంత ఒళ్ళు మండించిన ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆసుపత్రిలో ఇడ్లీలు తెచ్చిన గొంతుతోనే అడిగాడు.

ఇంటికొచ్చి రెండో బెడ్రూములో లైటు వేసి కూర్చున్నాను. ఏది ఎవరిదో లెక్క తీయబోయి, సగానికే ఆపేశాను. మా ఆవిడకు అంతా చెప్పాను. గొడుగుల జాడీ గురించి ఏదో అంటుందనుకున్నాను. "వెళ్ళి తెచ్చివ్వండి ముందు" అని మాత్రం అంది.

ఆ హోటలును పల్లెటూరిలా అలంకరించారు. గోడకు బండిచక్రం, చూరుకు చేటలు, మూలన రోలు. కిటికీలోంచి థర్మల్ స్టేషను పొగగొట్టాలు కనపడుతున్నాయి. చేతులు కడుక్కునే చోట వాష్‌బేసిన్ పక్కన నా జాడీ ఉంది. నా జాడీ అని రాశాను చూడండి, అలవాటు చావదు. ఆవిడ జాడీ ఉంది. నిండా మట్టి పోసి మనీప్లాంటు పెట్టారు. అనుమానం తీరక మూతి చుట్టూ వేలితో తడిమాను. కుడిపక్క బెత్తెడు గరుకు తగిలింది. నా పక్కన చేతులు కడుక్కుంటున్నవాళ్ళు నన్ను అదోలా చూశారు.

మేనేజరు కుర్రవాడు పేచీ పెట్టలేదు. దాని కథంతా చెబుదామని నేను తయారై వెళ్ళాను. అతనికి కథ అక్కర్లేదు. "సార్, మాకు జతగా ఉండాలి. అటొకటి ఇటొకటి. ఒకేలాంటివి రెండిస్తే ఇది మీరు తీసుకోండి" అన్నాడు. మర్నాడు మా ఇంట్లో ఉన్నవాటిలో మంచి జత, పచ్చపూత జాడీలు రెండు, తీసుకెళ్ళి ఇచ్చాను. అవి కూడా 'గురువుగారికి నా తరఫున' వచ్చినవేనని వాటిని అక్కడ పెట్టి చెయ్యి తీసేటప్పుడు గుర్తొచ్చింది. ఏ ఇంటివో తెలీదు. దొంగసొమ్ము ఇచ్చి దొంగసొమ్ము విడిపించుకున్నాను. అయినా ఆ నిమిషంలో నాకు సంతోషమే కలిగింది, అబద్ధం చెప్పను. తెచ్చిస్తాను, మొహం దక్కుతుంది.

కారు దగ్గర మట్టి గుమ్మరించి, లోపల సీసాడు నీళ్ళు పోశాను. జాడీ ఎత్తి పట్టుకుంటే లోపలి నీళ్ళు నా చెప్పుల మీద పడ్డాయి. అడుగు చూశాను. నీళ్ళు నిలవకుండా మొక్క బతకాలని, డ్రిల్లుతో బొటనవేలంత చిల్లు వేశారు. చిల్లు చుట్టూ పూత పెచ్చులు లేచింది. పాత ముద్ర ఒకటి అక్కడ ఉండేదేమో. ఇప్పుడు దాని అంచు ఒక్కటే మిగిలింది. పట్టపగలు హోటలు ముందు ఆ జాడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఏడ్చాను.

ఇంటి దగ్గర మూడుసార్లు కడిగాను. చిల్లుకు లప్పం పెట్టించవచ్చు, లోపల చిన్న స్టీలు పళ్ళెం పరచవచ్చు, బియ్యం కారవు. ఇవన్నీ మనసులో వల్లె వేసుకుంటూ ఆ ఊరు వెళ్ళాను. ఆవిడ ఒక్కతే ఉంది. వంటకు బియ్యం చెరుగుతోంది. జాడీని తెచ్చి వంటింట్లో, ఇదివరకు ఉన్న చోటే పెట్టబోయాను. అక్కడ మూతపెట్టిన స్టీలు డబ్బా ఉంది. దాన్ని జరపాలో వద్దో తెలీక జాడీ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆవిడ లేచి వచ్చి, జాడీ అందుకుని నేల మీద పెట్టింది. మూతి తడిమింది, నీలం తీగ తడిమింది. చెయ్యి లోపలికి పోనిచ్చి అడుగు తడిమింది. చిల్లు దగ్గర చెయ్యి ఆగింది.

"వాడు మోసం చేశాడమ్మా. నేను పంపలేదు. నాకు తెలీదు."

"మీరు పంపలేదని నాకూ అనిపించిందండి, ఆ రోజు మీ మొహం చూసి." చెయ్యి బయటికి తీసింది. "మరి ఇది మా ఇంట్లో ఉందని ఆయనకెలా తెలుసండీ?"

ఎన్నో జవాబులు వల్లె వేసుకుని వచ్చాను. ఈ ప్రశ్నకు వేసుకోలేదు.

"నేనే చెప్పానమ్మా."

ఆవిడ తలూపింది. కోప్పడితే బాగుండేది. లప్పం గురించి, స్టీలు పళ్ళెం గురించి గబగబా చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, చీర కొంగుతో జాడీ ఒకసారి తుడిచింది.

"ఒద్దులెండి. అతుకేసిందాంట్లో దేవుడికి ఏస్తే నా మనసు ఒప్పదు. డబ్బా అలవాటైపోయిందండి. మీరుంచుకోండి. మీకిది ఇష్టవని ఆ రోజే చూశాను."

వద్దన్నాను. నా ఇంట్లో దీన్ని ఎలా పెట్టుకుంటానమ్మా అన్నాను. ఇక్కడుంటే చూసినప్పుడల్లా బాధండి అంది. మళ్ళీ వద్దన్నాను. మూడోసారి అనలేదు. ఎందుకు అనలేదో నాకు తెలుసు. చిల్లు పడ్డా, ముద్ర పోయినా, దాన్ని చేతుల్లోకి తీసుకోగానే నా వేళ్ళు కుడిపక్క గరుకు దగ్గరికే వెళ్ళాయి.

నేను జాడీ ఎత్తుకుని గుమ్మం దిగుతుంటే, ఎదురింటావిడ అరుగు మీద నుంచి చూసింది. రెండు కూడికల్లోనూ వడ్డనలో కనపడినావిడే.

"అదేంటే, జాడీ మళ్ళీ ఎళ్ళిపోతంది?"

"నేనే ఇచ్చానే," అంది మా అటెండరు భార్య నా వెనక గుమ్మంలో నిలబడి, ఊరంతా వినేలా. "మాస్టారు అడిగారు. ఇచ్చాను."

నా పరువు కాపాడటానికే అందని తెలుసు. నేను అడగలేదు. కానీ ఆ సందులో, రెండు చేతులా ఆ జాడీ పట్టుకుని, అడగలేదని ఎవరికి చెప్పను? కారు తలుపు తీసి జాడీని వెనక సీట్లో పెట్టాను. దొర్లిపోకుండా బెల్టు బిగించాను.